హాట్ సీట్‌లో తటపటాయింపు: కేబీసీని, దాని మాతృకను జనం ఎందుకు మర్చిపోలేదు

2000 అక్టోబరులో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'లో హర్షవర్ధన్ నవాథే కోటి రూపాయలు గెలిచాడన్న సంగతి ఆ రోజుల్లో టీవీ చూసిన చాలామందికి ఇప్పటికీ గుర్తే. ఆయన్ని అడిగిన చివరి ప్రశ్న ఏమిటంటే మాత్రం ఎక్కువమంది చెప్పలేరు. పార్లమెంటు కార్యకలాపాల్లో పాల్గొనడానికి రాజ్యాంగం వీరిలో ఎవరిని అనుమతిస్తుంది అన్నది ప్రశ్న, అటార్నీ జనరల్ అన్నది జవాబు. సివిల్స్‌కి చదువుతున్న కుర్రాడికి అది మరీ అందని ప్రశ్నేం కాదు. అయినా దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. అంటే జనాన్ని కట్టిపడేసింది ప్రశ్న కాదన్నమాట. తెలిసిన జవాబే అయినా దాన్ని పైకి అనడానికి, అన్నాక లాక్ చేయమనడానికి మధ్య ఓ మనిషి పడే తటపటాయింపును లక్షల ఇళ్లలో ఒకేసారి చూడగలగడం, అదే ఆ షో బలం. బ్రిటన్‌లోని మూల కార్యక్రమం నుంచి తెలుగు రూపం దాకా ఈ షో చరిత్రలో గుర్తుండిపోయిన ఘట్టాలన్నీ తిరగేస్తే మళ్లీ మళ్లీ తేలేది ఇదే.

మూలం 1998 సెప్టెంబరు 4న బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్'. తయారీలో ఉన్నప్పుడు దాని పేరు 'క్యాష్ మౌంటెన్'. హోస్ట్ క్రిస్ టారంట్. అంతకుముందు క్విజ్‌లంటే బజర్ నొక్కాలి, ఎవరు ముందు చెబితే వాళ్లకు పాయింట్లు. ఈ షోలో ఆ పరుగంతా హాట్ సీట్‌కి చేరేముందు ఆడే ఫాస్టెస్ట్ ఫింగర్ దగ్గరే అయిపోతుంది. ఒకసారి సీట్‌లో కూర్చున్నాక పోటీకి ఎదుట ఎవరూ ఉండరు, మొదట్లో గడియారం కూడా లేదు. ప్రశ్న చూశాక, నాలుగు ఆప్షన్లూ చూశాక, "నాకు వద్దు, ఇప్పటిదాకా గెలిచింది చాలు" అని లేచి వెళ్లిపోవచ్చు. ఈ చివరి నియమం దగ్గరే షో ప్రాణమంతా ఉంది, ఎందుకంటే ప్రశ్న చూడకముందే ఆడాలా వద్దా తేల్చుకోమంటే అది జూదం అవుతుంది, చూశాక తేల్చుకోమంటే తన మీద తనకెంత నమ్మకముందో ఆ మనిషి నలుగురి ముందూ తూచుకోవాల్సి వస్తుంది.

డబ్బు నిచ్చెనను కూడా దీనికి తగ్గట్టే కట్టారు. బ్రిటన్‌లో మొదట్లో అది 100 పౌండ్లతో మొదలై 15 ప్రశ్నల్లో 10 లక్షల పౌండ్లకు చేరేది. 1,000 దగ్గర ఒకటి, 32,000 దగ్గర ఒకటి, రెండు భద్రమైన మెట్లు. ఆ పైన ఎక్కడ తప్పు చెప్పినా 32,000కి జారిపోవాల్సి వచ్చేది. మన దేశానికి తెచ్చినప్పుడు అవే అంకెలను పదితో హెచ్చవేసి రూపాయల్లో పెట్టారు: 1,000తో మొదలు, 10,000 దగ్గర ఒక మెట్టు, 3,20,000 దగ్గర ఇంకొకటి, చివర కోటి. కాబట్టి నవాథే చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఆయన చేతిలో అప్పటికే 50 లక్షలున్నాయి, తప్పైతే 46 లక్షల 80 వేలు పోతాయి. సంగీతం కూడా ఊరికే మోగదు, పై ప్రశ్నలకు వెళ్లేకొద్దీ నేపథ్య సంగీతం అర స్వరం చొప్పున పైకి జరుగుతుంది, స్టూడియో దీపాలు తగ్గి వెలుగంతా ఇద్దరి మీదికే వస్తుంది. చూసేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గమనించరు, టెన్షన్ మాత్రం పెరుగుతూ పోతుంది.

ఇంకో చిన్న విషయం. పోటీదారు పైకి ఆలోచించాలి. ఆప్షన్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ, ఇది కాదేమో, అది అయ్యుండొచ్చు అని బయటికి అంటేనే ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఆట. మరి అలా పైకి అంటున్నప్పుడు ఏది ఆలోచన, ఏది జవాబు? ఆ గీత గీయడానికే అమెరికాలో హోస్ట్ రీజిస్ ఫిల్బిన్ "ఫైనల్ ఆన్సరా?" అని అడిగేది, ఇక్కడ బచ్చన్ "లాక్ కియా జాయే?" అనేది. జనం నోళ్లలో నానిన ఆ మాటలు స్టైల్ కోసం పుట్టినవనుకుంటారు గానీ అవి ఆటకు తప్పనిసరి.

ప్రపంచం మొత్తమ్మీద ఈ షోలో అత్యున్నత బహుమతి మొదటగా గెలిచింది అమెరికాలో జాన్ కార్పెంటర్, 1999 నవంబరు 19న ప్రసారమైన ఎపిసోడ్‌లో. ఉద్యోగం ఆదాయపు పన్ను శాఖలో. చివరి ప్రశ్న దాకా ఒక్క లైఫ్‌లైన్ కూడా, అంటే జవాబు తెలియనప్పుడు సాయం తీసుకునే అవకాశం, వాడలేదు. 'లాఫ్ ఇన్' అనే హాస్య కార్యక్రమంలో కనిపించిన అధ్యక్షుడెవరు అన్న 10 లక్షల డాలర్ల ప్రశ్న దగ్గర వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తానన్నాడు. అందరూ సాయం అడుగుతాడనుకున్నారు. ఆయన మాత్రం సాయం అక్కర్లేదని, మిలియన్ గెలవబోతున్నానని చెప్పడానికే ఫోన్ చేశానని అన్నాడు. జవాబు రిచర్డ్ నిక్సన్. షో మొత్తం తటపటాయింపు మీద నడుస్తున్నప్పుడు అది బొత్తిగా లేని మనిషి కనిపించేసరికి స్టూడియో హోరెత్తిపోయింది. ఈ షో చరిత్రలో ఒక్క ఘట్టమే ఎంచుకోమంటే ఎంచుకోదగ్గది ఇదే, ఎందుకంటే సాయం కోసం పెట్టిన నియమాన్ని అంత సంతోషంగా, అంత తెలివిగా తిప్పి వాడినవాళ్లు అరుదు.

బ్రిటన్‌లో మొదటి విజేత రావడానికి రెండేళ్లకు పైగా పట్టింది. 2000 నవంబరు 20న జూడిత్ కెపెల్ అనే తోటల డిజైనర్, అక్విటైన్‌కి చెందిన ఎలినోర్‌ను పెళ్లాడిన రాజు ఎవరు అన్న ప్రశ్నకు రెండో హెన్రీ అని చెప్పి గెలిచింది. అదే రాత్రి బీబీసీలో పేరున్న కామెడీ సీరియల్ చివరి భాగం వస్తుండడంతో ఐటీవీ కావాలనే ఆ రోజుకు విజేతను ఏర్పాటు చేసిందని ఆరోపణలొచ్చాయి, నియంత్రణ సంస్థ వాటిని కొట్టేసింది. క్విజ్ షోల మీద ఆ అనుమానం కొత్తది కాదు. 1950లలో అమెరికాలో 'ట్వంటీ వన్' అనే షోలో పోటీదారులకు జవాబులు ముందే ఇచ్చేవారని బయటపడింది, తనకు జవాబులు ఇచ్చేవారని ఆ షోలో గెలిచిన ఛార్లెస్ వాన్ డోరెన్ 1959 నవంబరులో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు.

2000 జులై 3న స్టార్ ప్లస్‌లో రాత్రి 9 గంటలకు కేబీసీ మొదలైనప్పుడు మన టీవీలో అంత డబ్బు ఎవరూ చూడలేదు. మొదట అనుకున్న పేరు 'కౌన్ బనేగా లఖ్‌పతి' అని, లక్షను కోటి చేయించింది స్టార్ యజమాని రూపర్ట్ మర్డోక్ అని స్టార్‌లో అప్పుడు పనిచేసినవాళ్లు తర్వాత చెప్పారు. అమితాబ్ బచ్చన్‌కు అప్పుడు 57 ఏళ్లు, సొంత కంపెనీ ఏబీసీఎల్ దెబ్బతిని అప్పుల్లో ఉన్నారు. పెద్ద తెర హీరో టీవీలో కూర్చుని ప్రశ్నలడగడమేమిటని అనుకున్నవాళ్లున్నారు. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే పోటీదారు మాట్లాడుతున్నప్పుడు తాను తగ్గి ఉండడం. నీళ్లు తాగమనడం, ఇంట్లోవాళ్ల గురించి అడగడం, జవాబు చెప్పాక "ఖచ్చితంగానేనా" అని మళ్లీ అడిగి వదిలేయడం, అవతలి మనిషి తటపటాయింపుకు చోటివ్వడమంటే ఇదే. 2007లో షారుఖ్ ఖాన్ ఒక సీజన్ చేశారు. ఉత్సాహానికి లోటు లేదు గానీ ఆ నిదానం రాలేదు, తర్వాత సీజన్‌కు మళ్లీ బచ్చనే వచ్చారు.

తెలుగువాళ్లు తరచూ మర్చిపోయే ఘట్టం ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. 2001లో కేబీసీ జూనియర్‌లో 15 ప్రశ్నలకూ జవాబు చెప్పి కోటి గెలిచిన 14 ఏళ్ల రవి మోహన్ సైనీ అప్పుడు విశాఖపట్నంలో చదువుకుంటున్నాడు, తండ్రిది నౌకాదళంలో ఉద్యోగం. తర్వాత ఎంబీబీఎస్ చదివి, ఐపీఎస్ అధికారి అయ్యారు.

గెలుపు ఎంత గుర్తుంటుందో పడిపోవడం కూడా అంతే గుర్తుంటుంది, కాకపోతే దాన్ని చానెళ్లు పదే పదే వేయవు. 2009 ఆగస్టులో అమెరికా షో పదేళ్ల పండుగ ఎపిసోడ్లలో కెన్ బేసిన్ అనే న్యాయవాది 10 లక్షల డాలర్ల ప్రశ్నకు వచ్చాడు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తన ఆఫీసులో కాఫీ, టీ, కోక్‌తో పాటు ఇంకే పానీయానికి బటన్ పెట్టించుకున్నాడు అన్నది ప్రశ్న. తప్పు చెప్పాడు, జవాబు ఫ్రెస్కా. 5 లక్షల డాలర్ల నుంచి ఒక్కసారిగా 25 వేలకు వచ్చేశాడు. అమెరికా షోలో ఆఖరి ప్రశ్నకు తప్పు చెప్పిన మొదటి మనిషి ఆయనే. అంతకు పదేళ్ల ముందు నుంచి ఆ ప్రశ్న దాకా వచ్చినవాళ్లంతా తెలిస్తే చెప్పారు, లేకపోతే లేచి వెళ్లిపోయారు. అంత డబ్బు ముందు మనుషులు ఎంత జాగ్రత్తగా ఉంటారో ఇదొక్కటే చెబుతుంది.

లైఫ్‌లైన్లలో ఎక్కువమంది తక్కువగా చూసేది ఆడియన్స్ పోల్. నిజానికి అమెరికా షో లెక్కల్లో ఫోన్ చేసిన స్నేహితుడు దాదాపు 65 శాతం సార్లు సరైన జవాబు చెబితే, స్టూడియోలోని జనం 91 శాతం సార్లు సరైన జవాబే ఇచ్చారు. కారణం తేలికే. తెలిసినవాళ్ల ఓట్లన్నీ ఒకే ఆప్షన్ మీద పడతాయి, తెలియనివాళ్ల ఓట్లు నాలుగింటి మీదా చెల్లాచెదురవుతాయి, కాబట్టి గదిలో కొద్దిమందికే తెలిసినా సరైనది పైకి తేలుతుంది. ప్రేక్షకులకు అడిగే ప్రశ్నలు సాధారణంగా తేలిక మెట్ల దగ్గరవి కావడం కూడా ఆ 91కి కొంత కారణం, అది ఒప్పుకోవాలి. ఈ లెక్క తప్పేది తెలియనివాళ్లంతా ఒకే తప్పు వైపు వాలినప్పుడు. ఫ్రాన్స్ షోలో భూమి చుట్టూ తిరిగేది ఏది అన్న ప్రశ్నకు ప్రేక్షకుల్లో 56 శాతం మంది సూర్యుడన్నారు, పోటీదారు వాళ్లను నమ్మి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ వీడియో చూసి నవ్వుకునేవాళ్లే ఎక్కువ. కానీ తనకు సందేహం ఉన్నప్పుడు నలుగురి మాట వినడం తప్పేమీ కాదు, చాలా సందర్భాల్లో అదే సరైన పని.

ఇక ఛార్లెస్ ఇంగ్రామ్ సంగతి. ఈ షో ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు. బ్రిటన్ సైన్యంలో మేజర్. 2001 సెప్టెంబరు 9న హాట్ సీట్‌లోకి వచ్చి ఆ రోజు ముగిసేసరికి 4,000 పౌండ్ల దగ్గర, రెండు లైఫ్‌లైన్లు పోగొట్టుకుని ఉన్నాడు. ఆ ఊపు చూస్తే ఎక్కువ దూరం వెళ్లడనిపిస్తుంది. మర్నాడు అదే మనిషి 10 లక్షల పౌండ్లకు వెళ్లాడు. చివరి ప్రశ్న, ఒకటి పక్కన నూరు సున్నాలు పెడితే వచ్చే సంఖ్య పేరేమిటి? గూగోల్, మెగాట్రాన్, గిగాబిట్, నానోమోల్. ముందు నానోమోల్ అనుకుంటున్నానన్నాడు. గూగోల్ అన్న మాట విన్నట్టే లేదన్నాడు. మళ్లీ నాలుగూ చదివాడు, చివరికి గూగోల్ అని ఖాయం చేశాడు. గెలిచాడు. టేపులు తిరిగి చూసిన నిర్మాణ సంస్థకు అనుమానమొచ్చి చెక్ ఆపేసింది, పోలీసుల దాకా వెళ్లింది. వెనక ఫాస్టెస్ట్ ఫింగర్ సీట్లలో కూర్చున్న ఇంకో పోటీదారు సరైన ఆప్షన్ చదివినప్పుడల్లా దగ్గాడన్నది అభియోగం. టేపులో మొత్తం 192 దగ్గులు వినిపిస్తే వాటిలో 19 ముఖ్యమైనవని ప్రాసిక్యూషన్ చెప్పింది. 2003 ఏప్రిల్‌లో లండన్‌లోని సదర్క్ క్రౌన్ కోర్టు ఇంగ్రామ్‌ని, ఆయన భార్యని, ఆ పోటీదారుని దోషులుగా తేల్చింది, జైలుకు వెళ్లనవసరం లేని సస్పెండెడ్ శిక్షలు వేసింది. తాము మోసం చేయలేదనే ఇంగ్రామ్ దంపతులు అప్పటినుంచీ చెబుతున్నారు.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, కోర్టు చెప్పిన పద్ధతి ఈ ఒక్క షోలోనే పనిచేస్తుంది. బజర్ క్విజ్‌లో దగ్గుతో జవాబు అందించడం కుదరదు. ఇక్కడ ఆప్షన్లు ముందే తెర మీదున్నాయి, గడియారం లేదు, పోటీదారు నాలుగూ పైకి చదువుతూ ఎంతసేపు ఊగిసలాడినా ఎవరూ ఏమీ అనరు, పైగా అలా ఊగిసలాడితేనే హోస్ట్‌కీ ప్రేక్షకులకీ ఇష్టం. షోకి ప్రాణమైన ఆ తటపటాయింపే మోసానికి దారి ఇచ్చింది. నమ్మకం మీద అంత దెబ్బ మరే సంఘటనా కొట్టలేదు, ఎందుకంటే చూసేవాళ్లు నమ్మేది ఆ ముఖంలోని సందేహం నిజమైనదని. అది నటనైతే ఇంక మిగిలేది సంగీతం, లైట్లే.

తర్వాతి కాలంలో చాలా దేశాల్లో గడియారం వచ్చింది. మన దగ్గరా తొలి ప్రశ్నలకు సెకన్లు పెట్టారు, పై ప్రశ్నలకు మాత్రం వదిలేశారు. మంచి పని చేశారు. చిన్న ప్రశ్నల దగ్గర తొందర ఆటకు వేగం ఇస్తుంది, పెద్ద ప్రశ్నల దగ్గర తొందర పెడితే ఇక చూడ్డానికేం ఉండదు.

2010లో సోనీకి మారాక కేబీసీ పెద్ద నగరాలు వదిలి చిన్న ఊళ్ల వైపు తిరిగింది. ఏ మనిషీ చిన్నవాడు కాదన్నది 2011 సీజన్ నినాదం. ఆ ఏడాదే బీహార్‌లోని మోతిహారి నుంచి వచ్చిన సుశీల్ కుమార్, ఉపాధి హామీ పథకంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా నెలకు ఆరు వేలో ఎంతో జీతం వచ్చే మనిషి, 5 కోట్లు గెలిచాడు. 1868లో నికోబార్ దీవుల హక్కులు బ్రిటిష్‌వాళ్లకు అమ్మేసి భారత్ నుంచి వెళ్లిపోయిన వలస దేశమేది అన్నది ప్రశ్న, డెన్మార్క్ జవాబు. చేతిలో కోటి పెట్టుకుని ఆ మనిషి ఆడడానికి సిద్ధపడిన తీరు చూస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ తర్వాతి ఏళ్లలో డబ్బు ఎలా కరిగిపోయిందో, తాగుడు ఎలా అలవాటైందో, ఎలా బయటపడ్డాడో 2020లో ఆయనే దాపరికం లేకుండా రాశాడు. తర్వాత టీచర్ ఉద్యోగం సంపాదించుకున్నాడు. షో ముగిసే చోట కథ ముగియదని అంత నిజాయతీగా చెప్పిన విజేత ఇంకొకరు లేరు.

2014లో ఢిల్లీ సోదరులు అచిన్, సార్థక్ నరూలా 7 కోట్లు గెలిచినప్పుడు ఇంకో రకమైన ఆనందం. హాట్ సీట్‌లో ఇద్దరున్నారు కాబట్టి ఒక మనిషి తలలో జరగాల్సిన వాదన బయటే, అన్నదమ్ముల మధ్య జరిగింది. 2021లో ఆగ్రాకు చెందిన అంధ ఉపాధ్యాయురాలు హిమానీ బుందేలా కోటి గెలిచింది. ఆమె కోసం బచ్చన్ ప్రశ్ననూ ఆప్షన్లనూ చదివి వినిపిస్తుంటే తెర చూడగలిగినవాళ్లు కూడా ఆమెతో పాటు చెవులప్పగించి విన్నారు.

తెలుగులో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జునతో మొదలైంది, 2017లో చిరంజీవి చేశారు, 2021లో 'ఎవరు మీలో కోటీశ్వరులు'గా జెమినీకి మారి జూనియర్ ఎన్టీఆర్ చేతికి వచ్చింది. అన్ని సీజన్లలో కోటి ప్రశ్న దాటిన తొలి విజేత 2021 నవంబరులో వచ్చాడు, పోలీసు శాఖలో ఎస్సై. ముగ్గురూ పెద్ద హీరోలే. ఇంట్లో మనుషులతో మాట్లాడుతున్నట్టు నడిపించడంలో నాగార్జునది ఒక పద్ధతి, పోటీదారుతో కలిసి తానూ కంగారుపడడంలో ఎన్టీఆర్‌ది ఇంకో పద్ధతి. అయితే సినిమా తారల అతిథి ఎపిసోడ్లకు దక్కినంత ప్రచారం మామూలు పోటీదారులకు దక్కలేదు. అది తెలుగు షోకు నష్టమే చేసింది. తారలు సేవా సంస్థకు డబ్బు గెలిచినా ఓడినా వాళ్ల జీవితం మారదు, కాబట్టి వాళ్ల ముఖంలో ఆ తటపటాయింపు కనిపించదు.

క్విట్ అవడాన్ని, అంటే ఆడకుండా గెలిచిన డబ్బుతో లేచి వెళ్లిపోవడాన్ని మాత్రం జనం ఇప్పటికీ తక్కువగానే చూస్తారు. లెక్క చేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి సీజన్‌లో 50 లక్షల దగ్గర ఉన్నవాడు కోటికి ఆడాలంటే, సగటు లాభనష్టాల ప్రకారం జవాబు మీద 48 శాతానికి మించి నమ్మకం ఉంటే చాలు. 2017 నుంచి 2021 దాకా కోటి గెలిచినవాళ్ల ముందు 7 కోట్ల ప్రశ్న ఉండేది, తప్పైతే 3 లక్షల 20 వేలకు పడిపోతారు. అక్కడ ఆ లెక్క 14 శాతానికి దిగిపోతుంది. అంటే కళ్లు మూసుకుని నాలుగింటిలో ఒకటి చెప్పినా, 25 శాతం అవకాశంతో, కాగితం మీద ఆడడమే లాభం. అయినా ఆ సీజన్లలో 7 కోట్లు ఎవరికీ దక్కలేదు, వరసపెట్టి కోటితో లేచి వెళ్లిపోయారు. 2019లో కోటి గెలిచిన బబితా తాడే మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది, నెలకు 1,500 రూపాయలు. డబ్బుతో ఏం కొంటావంటే సొంతంగా ఒక మొబైల్ ఫోన్ అంది. ఆమెకు మొదటి కోటి విలువ, దాని మీద వచ్చే ఇంకో 6 కోట్ల విలువ ఒకటే కొలతలో ఎలా వస్తాయి? సగటు లెక్క వందసార్లు ఆడగలిగేవాడికి పనికొస్తుంది, ఆమెకు దొరికింది ఒక్క ఆట. క్విట్ అన్నాక హోస్ట్ "సరే, ఆడుంటే ఏది చెప్పేవాళ్లు" అని అడుగుతాడు, అలా చెప్పినది సరైన జవాబుగా తేలిన సందర్భాలున్నాయి, అవి చూడడం కష్టం. అయినా వాళ్లు చేసింది తప్పు అనడం న్యాయం కాదు.

2022లో నిర్వాహకులే దీన్ని మార్చడానికి చూశారు. స్వాతంత్ర్యం 75 ఏళ్ల సందర్భంగా బహుమతిని 7.5 కోట్లు చేసి, 75 లక్షల దగ్గర కొత్తగా ఒక భద్రమైన మెట్టు పెట్టారు. దాంతో కోటి గెలిచినవాళ్లు చివరి ప్రశ్నకు ఆడి తప్పు చెప్పినా పోయేది 25 లక్షలే, ఆడడానికి 4 శాతం నమ్మకం కూడా అక్కర్లేదు. ఆ సీజన్‌లో మొదటగా కోటి గెలిచిన కొల్హాపూర్ గృహిణి కవితా చావ్లా అప్పుడు కూడా లేచి వెళ్లిపోయింది. గుండప్ప విశ్వనాథ్ తన తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లోనే డబుల్ సెంచరీ కొట్టింది ఏ జట్టు మీద అన్నది ఆమె వదిలేసిన ప్రశ్న. 1967లో విజయవాడలో ఆయన 230 పరుగులు చేసింది ఆంధ్ర జట్టు మీద.